పైసా ఖర్చు లేకుండా ఇంగ్లీషు: కర్నూలు, అనంతపురం, కడప నుంచి తరచుగా అడిగే ప్రశ్నలు

డిగ్రీ పిల్లలు, గ్రూప్స్‌కు చదివేవాళ్లు, అంగట్లో కూర్చుని ఫోన్‌లో చదువుకునేవాళ్లు, పిల్లల హోంవర్క్ దగ్గర ఇబ్బంది పడే అమ్మలు అడిగే సందేహాలు దాదాపు ఒకటే. ఒకరికి చెప్పింది ఇంకొకరికి చేరడం లేదు కాబట్టి అన్నీ ఒకచోట పెట్టాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీ ప్రశ్న ఎక్కడుంటే అక్కడికి వెళ్లండి.

## మొదలుపెట్టే ముందు

అన్నా, టెన్త్ దాకా తెలుగు మీడియం. ఇప్పుడు 24 ఏళ్లు. ఇంక నాకు వస్తుందా?

వస్తుంది. ఉచ్చారణ చిన్నపిల్లలకు తొందరగా పట్టుబడుతుందన్నది నిజమే. చదివి అర్థం చేసుకోవడంలో మాత్రం పెద్దవాళ్లకే సౌకర్యం ఎక్కువ. మీకు లోకం తెలుసు, ఒక భాషలో బాగా చదవడం ముందే వచ్చు. రోజూ తెలుగు పేపరు మొత్తం చదివేవాళ్లు ఇంగ్లీషు చదవడం కూడా త్వరగా అందుకుంటారు. తెలుగు మీడియం అడ్డం కాదు. ఎప్పుడో క్లాసులో ఎవరో నవ్వారన్న టెన్షన్ అడ్డం. అందుకే మొదట కొన్నాళ్లు ఎవరి ముందూ నోరు విప్పే అవసరం లేని పనులతో, అంటే చదవడం, వినడంతో మొదలుపెట్టండి.

కోచింగ్ సెంటర్‌లో చేరకుండా ఫ్రీగా నేర్చుకోవడం అయ్యే పనేనా?

అయ్యే పనే. బీబీసీ లెర్నింగ్ ఇంగ్లీష్, బ్రిటిష్ కౌన్సిల్ వాళ్ల లెర్న్‌ఇంగ్లీష్ సైట్లలో పాఠాలు, ఆడియోలు, ఆ ఆడియోల్లో మాట్లాడిన మాటల పాఠం అన్నీ ఉచితం. కేంబ్రిడ్జ్, ఆక్స్‌ఫర్డ్ వాళ్లు నేర్చుకునేవాళ్ల కోసం తయారు చేసిన డిక్షనరీలు ఆన్‌లైన్‌లో ఫ్రీగా ఉన్నాయి, మాట నొక్కితే పలికి వినిపిస్తాయి. కోచింగ్‌లో అదనంగా దొరికేవి రెండే: ఒక టైంటేబుల్, మాట్లాడటానికి నలుగురు మనుషులు. ఆ రెండూ మీరే ఏర్పాటు చేసుకోగలిగితే డబ్బు కట్టక్కర్లేదు. చేసుకోలేనివాళ్లు మంచి టీచరు దగ్గర చేరడంలో తప్పేం లేదు. నెల రోజుల్లో గడగడా మాట్లాడిస్తామనే ఫ్లెక్సీలను మాత్రం నమ్మొద్దు. నెలలో ఏ భాషా రాదు.

నా దగ్గర ఫోన్ ఒక్కటే ఉంది, డేటా కూడా తక్కువ. సరిపోతుందా?

సరిపోతుంది. అక్షరాలకు డేటా చాలా తక్కువ ఖర్చవుతుంది, తినేసేది వీడియో. కాబట్టి చదవడం ఎక్కువగా, వీడియో తక్కువగా పెట్టుకోండి. వినాల్సిన ఆడియోలను వైఫై దొరికిన చోట డౌన్‌లోడ్ చేసుకుంటే బస్సులో వినొచ్చు. జిల్లా కేంద్రంలో, మండలాల్లో గ్రంథాలయాలు ఉన్నాయని చాలామందికి గుర్తే ఉండదు. అక్కడ ఇంగ్లీషు పేపర్లు ఊరికే చదువుకోవచ్చు. తెలుగునాట గ్రంథాలయోద్యమాన్ని నడిపించిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు కర్నూలులో పుట్టినవాడే. ఆ జిల్లా పిల్లలు లైబ్రరీ మెట్లెక్కకుండా ఉంటే నాకు బాధగా ఉంటుంది.

నా లెవల్ ఏంటో ఎలా తెలుస్తుంది?

భాష ఎంత వచ్చో చెప్పడానికి యూరప్‌వాళ్లు తయారు చేసిన ఏ1 నుంచి సీ2 దాకా ఆరు మెట్ల కొలతను ఇప్పుడు అంతటా వాడుతున్నారు. బ్రిటిష్ కౌన్సిల్, కేంబ్రిడ్జ్ సైట్లలో ఉచిత పరీక్ష రాస్తే మీరు ఏ మెట్టు మీద ఉన్నారో సుమారుగా తెలుస్తుంది. ఏ1 వచ్చిందని దిగులు పడొద్దు. పుస్తకం ఎంచుకునేటప్పుడు ఇంకా తేలికైన పద్ధతి ఉంది: ఏదో ఒక పేజీ తెరవండి. తెలియని మాటలు ఐదారుకు మించితే ఆ పుస్తకం ఇప్పటికి పక్కన పెట్టండి.

## మొదటి నెలలు

ముందు గ్రామర్ అంతా నేర్చుకుని తర్వాత చదవాలా?

అలా కూర్చుంటే గ్రామర్ అయిపోదు, చదవడం మొదలవదు. కావాల్సింది కొంచెమే. జరుగుతున్నది, జరిగింది, జరగబోయేది చెప్పడం, ప్రశ్న అడగడం, కాదు లేదు అనడం. ఇవి వస్తే చదవడానికి చాలు.

తెలుగువాళ్లు జాగ్రత్తగా చూసుకోవాల్సిన చోట్లు కొన్ని ఉన్నాయి. మనకు క్రియ చివర వస్తుంది, ఇంగ్లీషులో కర్త వెంటనే వస్తుంది. మనం ఊరికి, ఊళ్లో, ఊరినుంచి అని మాట చివర తగిలించేదాన్ని వాళ్లు మాటకు ముందు పెడతారు. ‘ఐ డిడ్ నాట్ వెంట్’ అని రెండుసార్లు భూతకాలం వేయడం, ‘ఐ యామ్ హ్యావింగ్ టూ బ్రదర్స్’ అనడం మన దగ్గర బాగా వినిపించే పొరపాట్లు. ‘ఎ’, ‘ద’ ఎక్కడ పెట్టాలన్నది తొందరగా రాదు. తెలుగులో వాటికి సమానమైనవి లేవు. దాని మీద నెలలు పోగొట్టుకోవద్దు, చదవగా చదవగా చెవికి తెలిసిపోతుంది.

పెద్దవాణ్ణి, పిల్లల కథలు చదవాలంటే నామోషీగా ఉంది. వేరే దారి లేదా?

నామోషీ ఎందుకు, ఫోన్‌లో ఏం చదువుతున్నారో పక్కవాడికి తెలియదు కదా. ప్రథమ్ బుక్స్ వాళ్లు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ సైట్‌లో వేల కథలు ఉచితంగా ఉన్నాయి, కష్టాన్ని బట్టి మెట్లుగా విడదీసి పెట్టారు. చాలా కథలు తెలుగులోనూ ఇంగ్లీషులోనూ దొరుకుతాయి. మన దేశపు పొలాలు, బడులు, అవ్వలు కనిపించే కథలు కాబట్టి సందర్భం అర్థం చేసుకోవడానికి వేరే కష్టం ఉండదు.

కథలు వద్దనుకుంటే బడి పుస్తకాలు తీసుకోండి. 2020–21 నుంచి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ బడుల్లో ఇస్తున్న పాఠ్యపుస్తకాల్లో ఒక పేజీ ఇంగ్లీషు, ఎదురు పేజీ అదే విషయం తెలుగు. తమ్ముడో, పక్కింటి పాపో చదివేసిన ఆరో తరగతి సైన్సు, సోషల్ పుస్తకాలు అడిగి తెచ్చుకోండి. ఇంతకంటే మంచి స్వయంబోధిని మన జిల్లాల్లో నాకు కనిపించలేదు. ముందు ఇంగ్లీషు పేజీ చదవండి, అర్థం కాని వాక్యానికి మాత్రమే తెలుగు పేజీ చూడండి.

ప్రతి మాటకూ డిక్షనరీ చూడాలా? పేజీ చదవడానికి గంట పడుతోంది.

చూడొద్దు. ఆ మాట తెలియకపోతే కథ ఆగిపోతుందా అని అడగండి. ఆగిపోతే చూడండి, లేదంటే ముందుకు పోండి. అదే మాట మళ్లీ మళ్లీ ఎదురైతే అప్పుడు చూడండి. మాటను ఒంటరిగా కాకుండా అది వచ్చిన వాక్యంతో సహా నోట్సులో రాసుకోండి. ఒంటరి మాట రెండు రోజుల్లో మరిచిపోతారు.

వింటుంటే ఒక్క ముక్క అర్థం కావడం లేదు. అదే కాగితం మీద చూస్తే అన్నీ తెలిసిన మాటలే!

చాలామందికి ఇదే ఇబ్బంది. తెలుగులో ప్రతి అక్షరాన్నీ నిండుగా పలుకుతాం. ఇంగ్లీషులో మాటలో ఒక భాగాన్ని ఒత్తి పలికి మిగతావాటిని దాదాపు మింగేస్తారు. ‘ఫొటోగ్రాఫ్’లో ఒత్తు మొదట ఉంటుంది, ‘ఫొటోగ్రఫీ’కి వచ్చేసరికి రెండో భాగం మీదికి జరిగి, మాట ‘ఫటాగ్రఫి’లా వినిపిస్తుంది. మాట మీకు తెలుసు, చెవి దాన్ని గుర్తుపట్టడం లేదు.

బీబీసీ వాళ్ల ‘సిక్స్ మినిట్ ఇంగ్లీష్’ లాంటి చిన్న కార్యక్రమం ఒకటి తీసుకోండి. మొదట ఏమీ చూడకుండా వినండి. రెండోసారి కింద ఇచ్చిన పాఠం చూస్తూ వినండి. మర్నాడు మళ్లీ చూడకుండా వినండి. యూట్యూబ్‌లో అయితే వేగం 0.75కి తగ్గించుకోవచ్చు. రోజుకొక కొత్త ఆడియో వెంట పరిగెత్తడం కంటే ఒకటే బాగా వినడం మేలు.

మన ఊరి సంగతులు ఇంగ్లీషులో చదివి ఏం లాభం? అవి నాకు ముందే తెలుసు కదా!

తెలుసు కాబట్టే చదవమంటున్నాను. విషయం తెలిసినప్పుడు మనసుకు భాష ఒక్కటే కొత్త. విషయమూ భాషా రెండూ కొత్తవైతే రెండూ అందవు. గండికోట లోయ, లేపాక్షిలో వేలాడే స్తంభం, బెలుం గుహలు, 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన కదిరి దగ్గరి తిమ్మమ్మ మర్రిమాను, కొండారెడ్డి బురుజు: వీటి గురించి ముందు తెలుగు వికీపీడియా, వెంటనే ఇంగ్లీషు వికీపీడియా చదవండి. కొత్త మాటల అర్థం సగం మీరే ఊహిస్తారు. మీ పని ఏదైతే దాని గురించీ అలాగే చదవండి. శనక్కాయలు పండించేవాళ్లు ఆ పంట తెగుళ్ల గురించి చదివితే పాఠం కూడా పనికొస్తుంది.

ఇంట్లో తెలుగు బైబిలు ఉన్నవాళ్లకు ఇంకో సౌకర్యం ఉంది. అధ్యాయాలు, వచనాల సంఖ్యలు రెండు భాషల్లో ఒకటే కాబట్టి ఇంగ్లీషు బైబిలుతో పక్కపక్కన పెట్టి చదువుకోవచ్చు. ప్రధాని ‘మన్ కీ బాత్’ ప్రసంగాల పాఠాన్ని కేంద్ర ప్రభుత్వ సమాచార సంస్థ పీఐబీ ఇంగ్లీషులోనూ తెలుగులోనూ ఇస్తుంది. గ్రూప్స్‌కు చదివేవాళ్లకు అది రెండు విధాలా ఉపయోగం.

## చదవడం అలవాటయ్యాక

అన్ని మాటలూ తెలుసు, గ్రామరూ తెలుసు. అయినా వాక్యం అర్థం కావడం లేదు. ఎందుకు?

అక్కడ మీకు తెలియనిది వాళ్ల బతుకు. నేను అన్నిటికంటే ఎక్కువ సేపు మాట్లాడే ప్రశ్న ఇది. భాష నేర్చుకోవడానికీ ఆ మనుషుల గురించి చదవడానికీ మధ్య గోడ కట్టేశాం, దానివల్లే చాలామంది మధ్యలో ఆగిపోతున్నారు.

ఇంగ్లీషులో ఆప్యాయతను ‘వార్మ్’ అంటారు, ముఖం చాటేసే మనిషిని ‘కోల్డ్’ అంటారు. ఏడాదిలో ఎక్కువ నెలలు చలికి వణికే దేశంలో వెచ్చదనం కంటే మంచిదేముంది? ఏప్రిల్ ఎండలో కడప రోడ్డు మీద నడిచే మనకు మంచిదంతా చల్లనే. కడుపు చల్లగా ఉండాలంటాం, పదికాలాలు చల్లగా ఉండమని దీవిస్తాం. ఈ సంగతి తెలిస్తే అలాంటి మాటలు డజన్లకొద్దీ వాటంతటవే అర్థమవుతాయి.

క్రికెట్ చూసేవాళ్లకు ఇంకొంత ముందే వచ్చు. ‘స్టిక్కీ వికెట్’ మీద ఉన్నామంటే చిక్కులో పడ్డామని. పిచ్‌లకు కప్పేమీ వేయని కాలంలో వాన పడి ఆరుతున్న పిచ్ మీద బ్యాటింగ్ నరకంగా ఉండేది, మాట అక్కడి నుంచి వచ్చింది. మెల్‌బోర్న్ ‘బాక్సింగ్ డే’ టెస్టు అంటే బాక్సింగ్ పోటీ కాదని, క్రిస్మస్ మర్నాడు డిసెంబర్ 26న మొదలయ్యేదని కూడా మీకు తెలుసు. అమెరికా వాళ్ల రాతల్లో ‘టచ్ బేస్’, ‘స్ట్రైక్ అవుట్’ లాంటివి మనకు అంతుపట్టవు, ఎందుకంటే అవి మనం చూడని బేస్‌బాల్ ఆటవి. ఆ ఆట నియమాలు ఒక పేజీ చదివితే చాలు.

రోడ్డు ప్రమాదంలో సాయం చేసినవాళ్లను పోలీసులు వేధించకూడదని చెప్పే బోర్డుల మీద ‘గుడ్ సమారిటన్’ అని ఉంటుంది. అది బైబిలులో ఏసు చెప్పిన కథలోని మనిషి. దెబ్బలు తిని దారిలో పడి ఉన్న పరాయివాణ్ణి సొంత ఖర్చుతో కాపాడతాడు. 2019లో మన మోటారు వాహనాల చట్టంలోకి కూడా ఆ మాట వచ్చింది.

అందుకే చదివేటప్పుడు అర్థం కాని చోట మాటను కాక సంగతిని వెతకండి: ఆ పండగేంటి, ఆ తిండేంటి, ఆ ఆటేంటి. ఉత్తర ఇంగ్లాండ్‌లో చాలామంది సాయంత్రం భోజనాన్ని ‘టీ’ అంటారని తెలియకపోతే, కథలో పిల్లవాడు టీకి బంగాళాదుంపలు ఎందుకు తిన్నాడో ఏ డిక్షనరీ సరిగ్గా చెప్పలేదు.

పాత ఇంగ్లీషు పుస్తకాలు ఫ్రీగా దొరుకుతాయంటున్నారు. అవి దొంగ కాపీలా?

కాదు. కాపీరైటు గడువు తీరిన పుస్తకాలు అందరివీ. మన దేశంలో రచయిత చనిపోయాక 60 ఏళ్లకు ఆ గడువు తీరుతుంది. 1971లో మొదలైన ప్రాజెక్ట్ గుటెన్‌బర్గ్‌లో ఇలాంటివి వేలకు వేలు ఉన్నాయి. 2005లో వచ్చిన లిబ్రివాక్స్‌లో అలాంటి పుస్తకాలనే స్వచ్ఛందంగా చదివి ఆడియోగా పెట్టారు. అక్షరం చూస్తూ వినడానికి ఈ రెండూ కలిపి వాడుకోండి. ఒక్క హెచ్చరిక: అది పాతకాలపు ఇంగ్లీషు, వాక్యాలు పొడవు. ఈసప్ నీతికథల్లాంటి చిన్నవాటితో మొదలుపెట్టి టాగోర్ కథలకు రండి.

మన సీమ గురించి పాతకాలం ఇంగ్లీషువాళ్లు రాసినవి చదవొచ్చా? కష్టంగా ఉంటాయా?

కొంచెం కష్టమే, కానీ మనవి కాబట్టి విసుగు రాదు. సి.పి. బ్రౌన్ 1820లో కడపకు ఉద్యోగానికి వచ్చాడు. 1829లో వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో అచ్చు వేయించాడు. బడిలో కంఠతా పట్టిన పద్యాలకు ఇంగ్లీషు అర్థం చదవడం మంచి అభ్యాసం. ఆయన తెలుగు–ఇంగ్లీషు నిఘంటువు చికాగో విశ్వవిద్యాలయం సైట్‌లోనూ, ఆంధ్రభారతి సైట్‌లోనూ ఉచితంగా ఉంది. అందులోని ఇంగ్లీషు 170 ఏళ్ల కిందటిదని గుర్తుంచుకుని వాడండి. కడపలో ఆయన బంగళా ఉన్నచోటే ఆయన పేరుతో గ్రంథాలయం ఉంది. ఒకసారి వెళ్లి చూడండి. తెలుగు ఇంటి భాష కాని ఇంగ్లీషు కుర్రవాడు ఇంత పని చేశాడంటే మనకు ఇంగ్లీషు రాదని ఎవరు చెప్పగలరు?

1800 నుంచి 1807 దాకా దత్తమండలాలకు, అంటే అప్పటి రాయలసీమ జిల్లాలకు, కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో ఉత్తరాలు కూడా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. మంత్రాలయం కథలో మీరు విన్న మన్రో ఆయనే. 1827లో పత్తికొండలో కలరాతో చనిపోయాడు. విజయనగరం మీద ఆసక్తి ఉంటే రాబర్ట్ సూయల్ 1900లో రాసిన చరిత్ర గుటెన్‌బర్గ్‌లో ఉంది. కృష్ణదేవరాయల కాలంలో వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు పేస్ రాసుకున్న వివరాలు అందులో చదవొచ్చు. ఇవన్నీ పాలించడానికి వచ్చినవాళ్ల చూపుతోనో, పరాయివాళ్ల చూపుతోనో రాసినవి. చదువుతూ ఎక్కడెక్కడ ఒప్పుకోరో పక్కన ఇంగ్లీషులోనే రెండు ముక్కలు రాయండి.

బ్రిటిష్ ఇంగ్లీషా, అమెరికన్ ఇంగ్లీషా? ఏది నేర్చుకోవాలి?

రెండూ చదవండి, రాసేటప్పుడు ఒకే స్పెల్లింగ్ పద్ధతి పాటించండి. మన బడులూ ఆఫీసులూ బ్రిటిష్ పద్ధతినే వాడతాయి. బ్రిటన్‌లో, మన దగ్గర ఫస్ట్ ఫ్లోర్ అంటే ఒక అంతస్తు ఎక్కాలి, అమెరికాలో నేల మీదిదే ఫస్ట్ ఫ్లోర్. మనం గ్రౌండ్‌నట్ అనేదాన్ని అమెరికావాళ్లు పీనట్ అంటారు. ఇంతకు మించి దీని గురించి ఆలోచించకండి.

## మాట్లాడటం, రాయడం

ఇంట్లో అందరూ తెలుగే. ఎవరితో మాట్లాడాలి?

ముందు మీతో మీరే. చదివిన పేజీని మూసేసి అందులో ఏముందో పైకి చెప్పండి, ఫోన్‌లో రికార్డు చేసుకుని వినండి. మొదటి వారం వినడానికి కష్టంగా ఉంటుంది, తర్వాత మీ తప్పులు మీకే దొరుకుతాయి. ఆ తర్వాత మీలాంటి స్నేహితుడు ఒక్కడు చాలు. రోజూ పది నిమిషాలు ఫోన్‌లో, ఆరోజు చదివినదాని గురించే మాట్లాడుకోండి. విషయం లేకుండా ‘హౌ ఆర్ యూ’ దగ్గర మొదలైన మాటలు రెండో నిమిషంలో ఆగిపోతాయి. తెలియని మనుషులతో కలిపే యాప్‌లలో మీ నంబరు, ఊరు, ఫోటో ఇవ్వొద్దు. ఆడపిల్లలకు ఈ మాట మరీ మరీ చెబుతున్నాను.

నా మాటలో సీమ యాస తెలిసిపోతుంది. నవ్వుతారేమో?

యాస అందరికీ ఉంటుంది. లండన్‌వాళ్లకూ ఉంది, స్కాట్లాండ్‌వాళ్లకూ ఉంది. ఎదుటివాళ్లకు అర్థం కావడమే ముఖ్యం. దానికి మూడు సర్దుబాట్లు చాలు. మాట చివర ‘ఉ’ చేర్చి ‘బస్సు’, ‘బుక్కు’ అనకుండా హల్లు దగ్గరే ఆపడం, ‘జూ’లో వచ్చే ధ్వనిని ‘జ’ నుంచి వేరు చేయడం, ఒత్తు సరైనచోట వేయడం. అమెరికా గొంతు తెచ్చుకోవాలని పాకులాడొద్దు.

నేను మర్యాదగానే మాట్లాడినా ఇంగ్లీషులో కటువుగా ఉందంటున్నారు. ఎందుకు?

తెలుగులో మర్యాద క్రియలోనే ఉంటుంది. ‘ఆ ఫైలు ఇవ్వండి’ అంటే అందులోనే గౌరవం వచ్చేసింది. దాన్నే ‘గివ్ దట్ ఫైల్’ అంటే ఇంగ్లీషులో అది ఆజ్ఞ. వాళ్ల దగ్గర ‘అండి’ లేదు కాబట్టి ‘కుడ్ యూ’, ‘ప్లీజ్’ వంటివి ఆ పని చేస్తాయి. థాంక్స్ కూడా మనం ఇంట్లోవాళ్లకు చెప్పం, చెబితే పరాయివాళ్లలా ఉంటుంది. వాళ్లు నీళ్లిచ్చిన తమ్ముడికీ చెబుతారు. ఇంకొకటి: అక్కడ వయసులో పెద్దవాళ్లను కూడా పేరు పెట్టి పిలవమంటారు. మనకు నోరు రాదు. పిలవమని వాళ్లే చెప్పాక పిలవండి, అది అమర్యాద కాదు.

గూగుల్ ట్రాన్స్‌లేట్, ఏఐ చాట్ వాడితే నేర్చుకున్నట్టేనా?

ఎప్పుడు వాడతారన్నదాన్ని బట్టి ఉంటుంది. ముందు మీరు రాసి, తర్వాత దాన్ని దిద్దమని అడిగి, ఏది ఎందుకు మార్చిందో చూసుకుంటే అది మంచి టీచరే. ముందే తెలుగులో రాసి ఇంగ్లీషు ఇవ్వమంటే మీకు ఏమీ రాదు. పైగా పొరపాట్లు చేస్తుంది. ‘వచ్చింది’ అని మాత్రమే రాస్తే వచ్చింది అక్కో, బస్సో దానికి తెలియదు. ఆధార్, బ్యాంకు వివరాలు మాత్రం అందులో ఎక్కించొద్దు.

## పరీక్షలు, ఇల్లు, విరామం

ఫ్రీగా నేర్చుకుంటే సర్టిఫికెట్ ఎలా? ఉద్యోగానికి అడుగుతారు కదా.

ఇక్కడి ఉద్యోగాల్లో ఎక్కువగా ఇంటర్వ్యూలో మీరు మాట్లాడేదే చూస్తారు. కావాలంటే కేంద్ర ప్రభుత్వ ‘స్వయం’ పోర్టల్‌లో ఇంగ్లీషు కోర్సులు ఉన్నాయి. చదవడం ఉచితం, సర్టిఫికెట్ పరీక్షకు ఫీజు కట్టాలి. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఐఈఎల్‌టీఎస్ లాంటి ఇంగ్లీషు పరీక్షలు అవసరం. ఆ స్కోరు మామూలుగా రెండేళ్లే చెల్లుతుంది, వెళ్లే ఆలోచన లేకుండా ముందే రాసి డబ్బు పోగొట్టుకోవద్దు.

పొద్దున్నుంచి ఇంటిపని, అంగడి. టైం ఎక్కడిది?

ఇరవై నిమిషాలు చాలు, కానీ రోజూ. ఆదివారం నాలుగు గంటలు కూర్చోవడం దీనికి సాటి రాదు. రోటీలు చేస్తూ వినొచ్చు, అంగట్లో జనం లేనప్పుడు ఒక పేజీ చదవొచ్చు. ఇంట్లో మిగతావాళ్లకు ఒక మాట: ఆ ఇరవై నిమిషాలు ఆమెను పిలవకండి.

మధ్యలో రెండు నెలలు ఆపేశాను. మళ్లీ మొదటి నుంచా?

కాదు. ఆపినచోటి కంటే కొంచెం తేలికైన పుస్తకంతో వారం రోజులు చదవండి, మరిచిపోయిందనుకున్నది చాలావరకు తిరిగి వస్తుంది.

మా పాపకు నేర్పాలని ఉంది, నాకే సరిగ్గా రాదు. ఏం చేయాలి?

ఇద్దరూ కలిసి చదవండి అక్కా. పాప ఇంగ్లీషు పేజీ చదివితే మీరు తెలుగు పేజీ చదవండి. ఆ కథను తెలుగులో మాట్లాడుకోండి. తెలుగులో బాగా చదివే పిల్లకు ఇంగ్లీషు బరువు కాదు, కాబట్టి ఇంట్లో తెలుగు మాన్పించకండి. ఉచ్చారణ మీకు తెలియకపోతే డిక్షనరీలో నొక్కి ఇద్దరూ వినండి. తను మీ తప్పు దిద్దితే కోప్పడకండి, దిద్దనివ్వండి.